కుటుంబారోగ్య గ్రంథాలు: వాటి శాస్త్రీయ ప్రాతిపదిక

ఒక ఇంట్లో కలిసి వండుకుని కలిసి తినే మనుషుల ఆహారాన్నీ, శారీరక శ్రమనూ, మనఃస్థితినీ ఒక్కచోట పరిశీలించి, ఆ ఇంటి నిర్వహణకు ఉపకరించే సూచనలను ప్రమాణపూర్వకంగా అందించే రచనను కుటుంబారోగ్య గ్రంథం అనవచ్చు. ఈ నిర్వచనంలో ‘ప్రమాణపూర్వకంగా’ అన్న మాట మీదే భారమంతా ఉంది. పుస్తకాల దుకాణంలో ఆరోగ్యం పేరు రాసిన అరలో వంటల పుస్తకాలు, ఆసనాల బొమ్మల పుస్తకాలు, మనశ్శాంతిని బోధించే ఉపన్యాస సంకలనాలు కలగలిసి ఉంటాయి. వాటిలో చదవదగినవి లేకపోలేదు. అయితే ఫలానా పదార్థంలో ఇంత పోషకం ఉందనీ, ఫలానా వయసు మనిషికి ఇంత కావాలనీ చెప్పి, ఆ రెండు అంకెలూ ఎక్కడి నుంచి వచ్చాయో చూపగలిగినప్పుడే ఒక రచన విజ్ఞాన గ్రంథమవుతుంది. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి ఆరోగ్యాన్ని శారీరక, మానసిక, సామాజిక క్షేమాల పరిపూర్ణ స్థితిగా నిర్వచించింది. ఆ నిర్వచనాన్ని తొలి పుటలో అచ్చువేసి, ఆ తర్వాత తిండిని ఒక అధ్యాయంలోకి, వ్యాయామాన్ని ఇంకో అధ్యాయంలోకి, మనసును చివరి అధ్యాయంలోకి విడగొట్టే పుస్తకాలే ఎక్కువ. నిజానికి ఈ మూడింటి లెక్కా తేలేది ఒక్కో మనిషి కంచం దగ్గర. ఆ కంచం దాకా రాని పుస్తకం ఎంత పెద్దదైనా అసంపూర్ణమేనని నా అభిప్రాయం.

కుటుంబ పోషణకు ఆధారమైన మూలగ్రంథాలు మూడు తరగతులు. ఏ పదార్థంలో ఏ పోషకం ఎంత ఉందో చెప్పేవి ఆహార సంఘటన పట్టికలు. ఏ మనిషికి ఏ పోషకం ఎంత కావాలో చెప్పేవి ఆవశ్యకతా పట్టికలు. ఈ రెండింటినీ జోడించి రోజువారీ భోజనానికి అన్వయించేవి ఆహార మార్గదర్శకాలు. భారతీయుల కోసం జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన పదిహేడు సూత్రాల గ్రంథం ఈ మూడో తరగతికి చెందుతుంది. దుకాణంలో దొరికే మిగిలిన పుస్తకాలన్నీ, రచయితలు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఈ మూడింటి నుంచి పుట్టినవే.

మన దేశంలో ఈ గ్రంథపరంపర పుట్టుకకు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. 1918లో రాబర్ట్ మెకారిసన్ నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ సంస్థలోని ఒకే ఒక్క గదిలో, బెరిబెరి వ్యాధి మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ వ్యాధి అప్పట్లో స్థిరంగా పాతుకుపోయిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే కోస్తా ఆంధ్ర జిల్లాలు. వరి పండే ప్రాంతాలు దక్షిణాదిన మరెన్నో ఉండగా ఈ జిల్లాలకే ఆ జబ్బు ఎందుకు పట్టుకుందన్నది ప్రశ్న. సమాధానం బియ్యం తయారీలో దొరికింది. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించి ఆరబెట్టినప్పుడు పైపొరలోని థయామిన్ గింజ లోపలికి ఇంకుతుంది. అందువల్ల ఉప్పుడు బియ్యాన్ని మర పట్టినా ఆ విటమిన్ చాలావరకు నిలుస్తుంది. పచ్చి బియ్యాన్ని మర పడితే అది తవుడుతోపాటు పోతుంది. మిగిలిన కాస్తా బియ్యం కడిగిన నీళ్ళలోనూ, వార్చిన గంజిలోనూ పోతుంది. తెల్లని మర బియ్యం, పలుమార్లు కడగడం, గంజి వార్చడం అనే మూడు అలవాట్లూ ఒకే ఇంట్లో కలిసినచోట బెరిబెరి వచ్చింది. తల్లి ఆహారంలో థయామిన్ కొరవడితే ఆమె పాలలోనూ అది కొరవడుతుంది. అలాంటి ఇళ్ళలో తల్లి నడుస్తూ పనిచేసుకుంటూ ఉండగానే చంకలోని మూడు నాలుగు నెలల బిడ్డ శైశవ బెరిబెరితో హఠాత్తుగా చనిపోయేది. పోషణలో కుటుంబం మొత్తాన్ని ఒక్కటిగా చూడవలసిన అవసరానికి ఇంతకన్న గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

మెకారిసన్ తర్వాత ఆ ప్రయోగశాలకు అధిపతిగా వచ్చిన డబ్ల్యు. ఆర్. ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారాల పోషక విలువల మీద ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. ప్రభుత్వ ఆరోగ్య ప్రచురణల వరుసలో అది 23వది. ఆ ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందింది. తార్నాకలోని ఆ ప్రాంగణం నగరవాసులకు పరిచితమే. 1971లో సి. గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ ఐక్రాయిడ్ పుస్తకాన్ని విస్తరించి కొత్త రూపమిచ్చారు. 2017లో దేశాన్ని ఆరు మండలాలుగా విభజించి, నమూనాలు సేకరించి, 528 ఆహార పదార్థాలను తిరిగి విశ్లేషించి కొత్త పట్టికలు ప్రకటించారు. గృహిణులూ విద్యార్థులూ ఆహార నిపుణులూ దశాబ్దాలుగా ఆధారపడుతున్నది ఈ పరంపర మీదే.

ఇలాంటి పట్టికను చదవడానికి కొన్ని నియమాలు తెలిసి ఉండాలి. అందులోని ప్రతి అంకె 100 గ్రాముల ‘తినదగిన భాగానికి’ చెందినది. అరటిపండుకు తొక్క, చేపకు ముల్లు, మునగకాయకు పిప్పి తీసివేసి చూడాలి. ధాన్యాలకూ పప్పులకూ ఇచ్చిన విలువలు వండకముందువి. శక్తి విలువను పిండిపదార్థాలకూ మాంసకృత్తులకూ గ్రాముకు 4, కొవ్వుకు గ్రాముకు 9 కిలోకాలరీల చొప్పున గుణించి రాబట్టే పద్ధతి 19వ శతాబ్దం చివర అమెరికాలో ఆట్‌వాటర్ నెలకొల్పినది. అన్నిటికన్న ముఖ్యంగా సంచిక ఏ సంవత్సరానిదో చూడాలి. రాగుల కాల్షియం విలువ పాత పట్టికలో 344 మిల్లీగ్రాములుంటే కొత్త పట్టికలో 364. ఈ తేడా వల్ల ఇంటి భోజనానికి వచ్చే చిక్కేమీ లేదు. ఆకుకూరల్లోని ఇనుము సంగతి వేరు. పాత సంచికల్లో కొన్ని ఆకుకూరలకు 100 గ్రాములకు 20 మిల్లీగ్రాములు దాటిన విలువలు కనిపిస్తాయి. తర్వాతి విశ్లేషణల్లో అవి ఎన్నో రెట్లు తగ్గాయి. ఆకుకు అంటిన మట్టిలోని ఇనుమును ఆకు ఖాతాలో వేయడం అలాంటి పొరపాట్లకు ప్రధాన కారణం. ఇప్పటికీ తోటకూర తింటే రక్తహీనత మాయమవుతుందని పాత అంకెతో సహా రాసే పుస్తకాలు అచ్చవుతూనే ఉన్నాయి. తోటకూర మంచి ఆహారమే. దాని మంచితనానికి తప్పుడు అంకె ఆసరా అక్కర్లేదు.

ఇక ఆవశ్యకత. ఒక వర్గానికి చెందిన ఆరోగ్యవంతుల్లో సగంమంది అవసరం తీర్చే పరిమాణాన్ని ‘సగటు అంచనా ఆవశ్యకత’ అంటారు. ఆ వర్గంలో దాదాపు అందరికీ, అంటే నూటికి 97 మందికి పైగా, సరిపోయేటట్లు దానికి మరికొంత కలిపి నిర్ణయించిన పరిమాణం ‘సిఫారసు చేసిన దైనిక ప్రమాణం’. మాంసకృత్తుల్లో మొదటిది శరీర బరువులో కిలోకు 0.66 గ్రాములు, రెండోది 0.83 గ్రాములు. శక్తికి మాత్రం రెండోరకం ప్రమాణం నిర్ణయించరు; విటమిన్ కాస్త ఎక్కువైతే శరీరం సాధారణంగా సర్దుకుంటుంది గానీ, శక్తి ఎక్కువైతే కొవ్వుగా పేరుకుంటుంది. అందుకే శక్తికి సగటే ప్రమాణం. ఈ భేదం పాటించకుండా రెండు అంకెలనూ కలిపేసే పుస్తకం పాఠకుణ్ణి తికమకపెడుతుంది.

ఇంటిల్లిపాదికీ కలిపి లెక్కించడానికి పోషణ శాస్త్రం ‘వినియోగ ఏకాంశం’ అనే కొలమానాన్ని వాడుతుంది. కూర్చుని పనిచేసే వయోజన పురుషుడి శక్తి అవసరాన్ని 1గా తీసుకుంటే, అలాంటి పనే చేసే స్త్రీకి 0.8, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు 1, ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు 0.7, ఏడాది నుంచి మూడేళ్ళ పసివాళ్ళకు 0.4. తండ్రి, తల్లి, నాయనమ్మ, పద్నాలుగేళ్ళ అబ్బాయి, ఎనిమిదేళ్ళ అమ్మాయి ఉన్న ఇంటికి మొత్తం 4.3 ఏకాంశాలు వస్తాయి. ఆ ఇంట్లో రోజుకు 1,290 గ్రాముల బియ్యం ఖర్చయితే, ఏకాంశానికి 300 గ్రాములు. కరువు సర్వేలకూ, రేషన్ నిర్ణయాలకూ ఈ లెక్క ఎంతో మేలు చేసింది. ఇంటి లోపలికి వచ్చేసరికి మాత్రం అది ఒక పెద్ద లోపాన్ని కప్పేస్తుంది.

ఆ లోపాన్ని అంకెలతోనే చూడవచ్చు. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 ప్రమాణాల ప్రకారం కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు 2,110 కిలోకాలరీల శక్తి, 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అలాంటి పనే చేసే స్త్రీకి 1,660 కిలోకాలరీల శక్తి, 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఋతుస్రావంలో పోయే ఇనుమును భర్తీ చేయవలసి ఉండటం దీనికి కారణం. అంటే పురుషుడు తినే ప్రతి వెయ్యి కిలోకాలరీల ఆహారంలో సుమారు 9 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే చాలు. స్త్రీ తినే వెయ్యి కిలోకాలరీల్లో పదిహేడున్నర మిల్లీగ్రాములు ఉండాలి. ఇద్దరూ ఒకే కుండలోని అన్నం, ఒకే గిన్నెలోని కూర, ఒకే నిష్పత్తిలో తింటే ఆమె అవసరం తీరే మార్గం లేదు. న్యాయంగా పంచుకున్నా ఆమెకు చాలదు. పప్పూ కూరా ఆమె కంచంలో అన్నం నిష్పత్తికి మించి ఉండాలి. అందులో నిమ్మరసం పిండుకుంటే సి విటమిన్ వల్ల ఇనుము శోషణ పెరుగుతుంది. భోజనం కాగానే టీ తాగితే అందులోని టానిన్లు ఆ శోషణను తగ్గిస్తాయి. మన ఇళ్ళలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు: అందరికీ వడ్డించాక మిగిలిన అన్నంలో అడుగున ఉన్న పలచని చారు పోసుకుని, మాగాయ ముక్కతో సరిపెట్టుకుని తినేది ఆమే.

ఆహార సర్వే చేసేవారు ఈ తేడాను పట్టుకునే పద్ధతి తెలుసుకోదగినది. ‘ఇరవైనాలుగు గంటల ఆహార స్మరణ’ అనే ఈ విధానంలో పరిశోధకురాలు వరుస పరిమాణాల్లో ఉన్న ప్రామాణిక కప్పులు తీసుకుని ఇంటికి వెళ్తుంది. నిన్న ఎంత బియ్యం పోశారో ముందు తూచి రాసుకుంటుంది. వండాక అన్నం ఎన్ని కప్పులైందో ఇల్లాలి చేత చూపించుకుంటుంది. తర్వాత ఒక్కొక్కరి కంచంలో ఎన్ని కప్పులు పడ్డాయో విడివిడిగా అడుగుతుంది. 600 గ్రాముల బియ్యం పన్నెండు కప్పుల అన్నమైతే, రెండు కప్పులు తిన్నావిడ తిన్నది 100 గ్రాముల బియ్యం. పప్పుకూ కూరకూ ఇదే లెక్క. భర్త తిన్నది, పిల్లలు తిన్నది చటుక్కున చెప్పే ఇల్లాలు తన వంతు దగ్గరికి వచ్చేసరికి ఆగి ఆలోచించడం ఇలాంటి సర్వేల్లో అరుదు కాదు. ఈ లెక్కకు నాలుగు గిన్నెలూ ఒక తక్కెడా చాలు. అయినా కుటుంబ పోషణ పుస్తకాలు దీన్ని పాఠకులకు నేర్పకపోవడం నాకు పెద్ద లోటుగా తోస్తుంది.

రెండో అంగం శారీరక శ్రమ. ఇక్కడ మూడు భావాలను వేరుచేసి గ్రహించాలి. కండరాలు పనిచేసి శక్తి ఖర్చయ్యే ప్రతి కదలికా శారీరక చలనం. దారుఢ్యం పెంచుకునే ఉద్దేశంతో క్రమబద్ధంగా చేసే చలనం వ్యాయామం. దేహదారుఢ్యం మనిషి సాధించుకునే లక్షణం. ఓర్పు, బలం, సులువుగా వంగే గుణం దాని భాగాలు. మూల జీవక్రియకు ఖర్చయ్యే శక్తితో పోల్చి రోజు మొత్తం వ్యయం ఎన్ని రెట్లో చెప్పే అంకెను శారీరక శ్రమ గుణకం అంటారు. 2020 ప్రమాణాల్లో అది కూర్చుని చేసే పనికి 1.4, మధ్యరకం పనికి 1.8, బరువు పనికి 2.3. వరినాట్లు వేసే స్త్రీకి రోజుకు 2,720 కిలోకాలరీలు అవసరమవుతాయన్నది ఈ గుణకం నుంచి వచ్చిన అంకే. ఆమెకు ఉదయపు నడకను బోధించే పుస్తకం ఆమె కోసం రాసింది కాదు; ఆమెకు ముందు కావలసింది కడుపునిండా భోజనమూ విశ్రాంతీ. కుర్చీలో పదిగంటలు గడిపే ఉద్యోగికి మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచన ప్రకారం వారానికి కనీసం 150 నిమిషాల మధ్యరకం శ్రమ, వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. పిల్లలకు సగటున రోజుకు గంట ఆట కావాలి. అరవై ఐదేళ్ళు దాటినవారికి పడిపోకుండా సమతౌల్యం నిలుపుకునే అభ్యాసాలు ప్రత్యేకంగా కావాలి.

శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని తొలిసారి గట్టిగా చూపినది జెర్రీ మోరిస్ 1953లో ప్రకటించిన లండన్ బస్సుల అధ్యయనం. రెండంతస్తుల బస్సులో రోజూ వందల మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్లకన్న గుండెజబ్బులు తక్కువగా వచ్చాయి. ఆ ఫలితంతో మోరిస్ ఆగలేదు. మూడేళ్ళ తర్వాత సంస్థ వాళ్ళకిచ్చిన యూనిఫారాల కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల నడుములు మొదటి నుంచే పెద్దవని తేలింది. అంటే తేడాలో కొంత ఉద్యోగానికి ముందే ఉంది. తన ఫలితాన్ని తానే ఇలా పరీక్షకు పెట్టే నిజాయితీని పాఠకులకు పరిచయం చేసే వ్యాయామ గ్రంథం ఏదైనా నాకు గౌరవనీయమే.

మూడో అంగం భావోద్వేగ క్షేమం. ఆనందం, భయం, దుఃఖం వంటి ఉద్వేగాలను గుర్తించి, వ్యక్తంచేసి, వాటి నుంచి తేరుకోగల సామర్థ్యాన్ని ఈ పేరుతో పిలుస్తాము. ఇది తిండికి దూరమైన విషయమని అనుకునేవారు ఎల్సీ విడోసన్ జీవితాన్ని తెలుసుకోవాలి. 1940లో మెకాన్స్‌తో కలిసి బ్రిటన్‌కు ప్రామాణిక ఆహార సంఘటన గ్రంథాన్ని రూపొందించిన శాస్త్రవేత్త ఆమె. అంకెల విలువ ఆమెకన్న ఎక్కువ తెలిసినవారు లేరు. యుద్ధానంతరం 1948లో జర్మనీలో రెండు అనాథాశ్రమాల పిల్లలపై ఆమె ఒక పరీక్ష నిర్వహించింది. ఒక్కోచోట సుమారు యాభైమంది పిల్లలు. మొదటి ఆరు నెలలు రెండుచోట్లా ఒకే రేషను. తర్వాతి ఆరు నెలలు ఒక ఆశ్రమానికి మాత్రం కోరినంత రొట్టె, అదనపు జామ్, నారింజరసం ఇచ్చారు. అదనపు ఆహారం తిన్న పిల్లలే ఎక్కువ పెరగాలి. కానీ వాళ్ళు వెనకబడ్డారు; పాత రేషను తింటున్న పిల్లలు ముందుకు వెళ్ళారు.

కారణం భోజనశాలలో దొరికింది. పాత రేషనే కొనసాగిన ఆశ్రమంలో మొదటి ఆరు నెలలూ అధికారిణిగా ఉన్న కఠినురాలైన స్త్రీ, సరిగ్గా అదనపు ఆహారం మొదలైన రోజుల్లోనే, ఆ ఆహారం అందుతున్న ఆశ్రమానికి బదిలీ అయింది. పిల్లలు సూపు ముందు కూర్చున్నప్పుడు ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి అందరి ముందూ మందలించడం ఆమె అలవాటు. సూపు చల్లారేది, పిల్లలు ఏడ్చేవారు. ఆమె వెంట తెచ్చుకున్న ఎనిమిదిమంది ఇష్టులైన పిల్లలు మాత్రం మొదటి నుంచీ చివరిదాకా బాగా బరువు పెరిగారు. 1951లో విడోసన్ ఈ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. పోషక విలువల పట్టికను రచించిన శాస్త్రవేత్తే, ఆ పట్టికలోని అంకె శరీరానికి చేరడం తినే వేళ మనఃస్థితి మీద ఆధారపడుతుందని నిరూపించింది. తర్వాత 1967లో అమెరికా వైద్యులు, మానసిక యాతనలో ఉన్న ఇళ్ళలో ఎదుగుదల ఆగిన పిల్లల్లో పెరుగుదల హార్మోను తగ్గి ఉండటాన్నీ, ఆ ఇంటి నుంచి వేరుచేసి ఉంచగానే అది తిరిగి పుంజుకోవడాన్నీ నమోదు చేశారు.

మన దేశంలోనూ ఇందుకు ఆధారాలున్నాయి. కాన్పు తర్వాత కుంగుబాటుకు లోనైన తల్లుల పిల్లలు ఆరు నెలలకు తక్కువ బరువుతో ఉండే అవకాశం ఎక్కువని 2003లో గోవా అధ్యయనం తెలిపింది. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నాటి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాల్లో 600 తల్లీబిడ్డల జంటలతో చేసిన పరీక్ష 2013లో ప్రచురితమైంది. ఒక జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలు అందాయి. రెండో జట్టు తల్లులకు పాలతోపాటు ఎప్పుడు ఏ ఆహారం మొదలుపెట్టాలో నేర్పారు. మూడో జట్టుకు అదంతా నేర్పి, బిడ్డ ఆకలి సూచనలను గమనిస్తూ, మాట్లాడుతూ, బలవంతం చేయకుండా తినిపించే స్పందనాత్మక పోషణనూ ఆటలనూ కలిపి బోధించారు. నేర్పిన రెండు జట్లలోనూ పిల్లల ఆహారం మెరుగుపడింది. మానసిక వికాస పరీక్షల్లో మామూలు సేవల జట్టుకన్న మూడో జట్టు పిల్లలు ముందున్నారు. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టే పద్ధతికి ఈ మూడో జట్టు బోధ చాలా దగ్గర. నోట్లో కుక్కి, ఫోను తెర ముందు కూర్చోబెట్టి తినిపించే నేటి అలవాటుకు చాలా దూరం.

కాబట్టి కుటుంబారోగ్య గ్రంథాన్ని కొనేవారు దాని ఆవశ్యకతా పట్టిక 2020కి ముందటిదా కాదా, విలువలు వండకముందువా వండినవా అన్నవి మొదట చూడాలి. ఆ తర్వాత, అందులో స్త్రీ భోజనం విడిగా లెక్కించారా, ఆమె చేసే పనిని ఏ గుణకంలో చేర్చారు, పిల్లలకు ఏం పెట్టాలన్న దానితోపాటు ఎలా పెట్టాలో చెప్పారా అని వెదకాలి. ఈ ప్రశ్నలకు జవాబులేని పుస్తకంలో రంగుల బొమ్మలు ఎన్ని ఉన్నా ప్రయోజనం స్వల్పమే.

తెలుగులో విజ్ఞాన గ్రంథాల కోసం 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి వెలసింది. ఆ సంకల్పానికి తగిన ఒక గృహపోషణ గ్రంథం మనకు ఇంకా కావాలి. అందులో పట్టికలు గ్రాముల్లోనే కాక సోల, గిద్ద, గరిటె, గ్లాసు కొలతల్లో ఉండాలి; దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం, మర బియ్యం వేర్వేరు వరుసల్లో రావాలి; గోంగూర పప్పు, ఉలవచారు, జొన్నరొట్టె, అంబలి వండిన రూపంలో లెక్కకు రావాలి. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ, ఎదిగే ఆడపిల్లకూ ఇంటి సగటుతో సంబంధం లేకుండా విడి కంచాలు చూపాలి. ప్రతి వయసు పిల్లలకూ తినిపించే పద్ధతి ఆ వరుస పక్కనే రాయాలి. దీనికి కావలసిన పోషక విలువలు 2017 పట్టికల్లో, అవసరాలు 2020 ప్రమాణాల్లో సిద్ధంగా ఉన్నాయి. మన గరిటెకు ఎన్ని గ్రాముల పప్పు వస్తుందో, మన గ్లాసెడు బియ్యం ఎన్ని కప్పుల అన్నమవుతుందో మాత్రం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా మన వంటిళ్ళలోనే తూచి రాసుకోవాలి.